హైదరాబాద్‌లో సామాన్యుడికి ఇల్లు, ఉన్న బస్తీకి రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఇల్లు కొనేవాళ్లు, సర్కారు ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు, పాత ఇంటిని నిలబెట్టుకోవాలని తంటాలు పడుతున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఊరి చివర కట్టే కొత్త చవక ఇల్లు కావాల్సిందే. కానీ ఊరి నడుమ ఇప్పటికే ఉన్న చవక ఇల్లు అంతకంటే విలువైనది. పనికి నడిచి వెళ్లగలిగే చోట ఉన్న గది ఒకసారి చేజారితే, ఆ కిరాయికి అలాంటిది మళ్లీ దొరకదు.

"అందుబాటు ధర ఇల్లు" అంటే ఎంత ధర?

పథకాన్ని బట్టి లెక్క మారుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో ఏడాది కుటుంబ ఆదాయమే కొలమానం. 3 లక్షల వరకు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గం), 3 నుంచి 6 లక్షలు ఎల్ఐజీ (తక్కువ ఆదాయం), 6 నుంచి 9 లక్షలు ఎంఐజీ (మధ్య ఆదాయం).

జీఎస్టీ లెక్క వేరు. హైదరాబాద్ లాంటి మెట్రోలో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు, 60 చదరపు మీటర్లు, అంటే సుమారు 645 చదరపు అడుగులు మించకుండా, మొత్తం ధర 45 లక్షలు దాటకుండా ఉంటే పన్ను 1 శాతం. ఈ రెండింటిలో ఏది దాటినా 5 శాతం. 45 లక్షల ఫ్లాటుకు పన్ను 45 వేలు. అదే ఫ్లాటుకు పార్కింగ్, కార్నర్ చార్జీలు కలిపి 46 లక్షలు అయిందంటే పన్ను 2 లక్షల 30 వేలకు పోతుంది. పార్కింగ్, క్లబ్‌హౌస్, ఇతర వసతుల చార్జీలు కూడా ఆ 45 లక్షల లెక్కలోకే వస్తాయి. అందుకే బిల్డర్ ఇచ్చే కొటేషన్‌లో చివరి మొత్తం చూడండి, చదరపు అడుగు రేటు చూసి ఊరుకోకండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయింది, చేరొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం, వచ్చాక కొంటే జీఎస్టీయే ఉండదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం: స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. 45 లక్షల మీద 3 లక్షల 37 వేల 500. బ్యాంకు లోను సాధారణంగా ఈ డబ్బుకు రాదు. చేతిలో ఉండాలి.

ఈ నగరం ఇదివరకు సామాన్యులకు ఇళ్లు కట్టలేదా?

కట్టింది, బాగానే కట్టింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని తుడిచిపెట్టాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఇరుకు మురికి వాడలను తొలగించి, నాంపల్లి, మొఘల్‌పురా, మలక్‌పేట లాంటి చోట్ల తరగతుల వారీగా ఇళ్లు కట్టించింది. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస కూడా ఆ బోర్డు పనే. 1960లో ఏర్పడిన హౌసింగ్ బోర్డు ఆ బాటలోనే విజయనగర్ కాలనీ, ఎస్ఆర్ నగర్, తర్వాత కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వేసింది. కేపీహెచ్‌బీలో ఇప్పటికీ చిరునామాల్లో కనిపించే ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ (ఎక్కువ ఆదాయం) అనే మాటలు అప్పటివే.

అప్పట్లో నేల సర్కారు చేతిలో ఉండేది. ఇల్లు, బడి, బజారు, బస్సు కలిపి ప్లాను వేసేవారు. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లు, ఎక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లు ఒకే కాలనీలో పక్కపక్క ఫేజుల్లో వచ్చేవి. ఇప్పటి పథకాల్లో లోపించింది ప్రధానంగా ఇదే.

ఇప్పుడు చిన్న ఇల్లు ఎందుకు కనబడటం లేదు?

నేల ధర ఒక కారణం. రెండోది 2006 నాటి జీవో 86. దానితో ఇక్కడ ఎఫ్ఎస్ఐ, అంటే జాగాకు ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చన్న పరిమితి, పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఫైర్, విమానాశ్రయ నిబంధనలు ఒప్పుకుంటే ఎంత ఎత్తైనా కట్టొచ్చు. దానివల్ల ఇళ్ల సంఖ్య పెరిగిన మాట నిజం. కానీ ఎన్ని అంతస్తులు వేయొచ్చో లెక్కగట్టి నేల యజమాని ధర చెబుతాడు. ఆ ధరకు కొన్న బిల్డర్‌కు 600 అడుగుల ఫ్లాటు గిట్టుబాటు కాదు. అందుకే పశ్చిమ హైదరాబాద్‌లో టవర్లు లేచినకొద్దీ చిన్న ఫ్లాటు దూరమైంది.

డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది కానీ ఊరికి చాలా దూరం. తీసుకోవాలా?

2015లో మొదలైన ఈ పథకంలో ఇల్లు 560 చదరపు అడుగులు: హాలు, రెండు పడకగదులు, వంటగది, రెండు టాయిలెట్లు. జీహెచ్‌ఎంసీ తరఫున 111 చోట్ల లక్ష ఇళ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. వాటిలో పెద్దది సంగారెడ్డి జిల్లా కొల్లూరు. 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు, 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడం నాణ్యంగానే ఉంది. ఇబ్బందంతా దూరంతోనే. సికింద్రాబాద్‌లో ఇళ్లలో పనిచేసే ఆమెకు కొల్లూరులో ఇల్లు వస్తే రోజుకు నాలుగు బస్సులు మారాలి.

పట్టా తీసుకునే ముందు ఒక పనిదినం పొద్దున 6 నుంచి 9 మధ్య అక్కడి నుంచి మీ పనిచోటికి వెళ్లి చూడండి. చార్జీ, పట్టిన సమయం రాసుకోండి. పిల్లల టీసీ, రేషన్ దుకాణం మార్పు, గ్యాస్ కనెక్షన్ బదిలీ, దగ్గర్లో బస్తీ దవాఖానా ఉందా అన్న నాలుగూ విచారించండి. ఇల్లు మీకు నప్పకపోతే కిరాయికి ఇచ్చేద్దాం అనుకోవద్దు. ఈ ఇంటిని అమ్మడానికి, కిరాయికి ఇవ్వడానికి వీల్లేదు. వారసులకు మాత్రం వస్తుంది. తనిఖీలో వేరేవాళ్లు ఉన్నట్టు తేలితే కేటాయింపు రద్దు చేస్తారు. "లోపల కాగితం రాసుకుందాం" అంటూ తక్కువ ధరకు ఇలాంటి ఇల్లు కొనేవాళ్ల డబ్బుకు ఏ రక్షణా ఉండదు.

చేరినవాళ్లు మొదటి నెలలోనే బ్లాకు కమిటీ వేసుకోండి. లిఫ్టు, నీటి మోటారు, సెప్టిక్ ట్యాంకు లేదా ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), మెట్ల దీపాలు: ఈ నాలుగింటికీ నెలనెలా డబ్బు కావాలి. వసూలు మొదలుపెట్టని బ్లాకుల్లో మొదట మోటారు కాలుతుంది, తర్వాత లిఫ్టు ఆగుతుంది. ఆ తర్వాత పై అంతస్తుల్లోని ముసలివాళ్లు కిందికి దిగడం మానేస్తారు. కింది అంతస్తులో దుకాణాలు ఉన్న చోట వాటి కిరాయి నిర్వహణకే చేరేలా మొదటి నుంచి అధికారులను రాతపూర్వకంగా అడగండి.

ఇందిరమ్మ ఇల్లు హైదరాబాద్ బస్తీలో కట్టుకోగలమా?

2024 మార్చి 11న భద్రాచలంలో ఈ పథకం మొదలైంది. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల సాయం. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు: జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్1, రెండూ లేనివారు ఎల్2, మిగతావారు ఎల్3. మీరు ఏ జాబితాలో ఉన్నారో ముందు తెలుసుకోండి. ఎల్2 వాళ్లు మంజూరు పత్రం కోసం చూస్తూ మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చి నష్టపోతున్నారు.

ఇంటి విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. బస్తీలో మామూలుగా ఉండే 60 గజాల జాగా తీసుకోండి. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, మొత్తం 540 చదరపు అడుగులు. ముందు 5 అడుగులు వదిలితే 18 ఇంటు 25, అంటే 450 మిగులుతుంది. గోడలు, గదులు అందులోనే సర్దాలి. మెట్లు లోపల పెడితే ఒక గది తగ్గిపోతుంది కాబట్టి ముందు వైపు బయటికే వేయండి. 40 గజాల జాగాలో ఒకే అంతస్తులో 400 అడుగులు రావు. అలాంటప్పుడు పునాది తవ్వకముందే హౌసింగ్ ఇంజనీర్‌తో ప్లాను రాయించుకోండి.

డబ్బు నాలుగు దశల్లో వస్తుంది: బేస్‌మెంటు, గోడలు, స్లాబు, పూర్తయ్యాక. బేస్‌మెంటుకు లక్ష. ప్రతి దశలో సిబ్బంది వచ్చి అక్కడికక్కడే యాప్‌లో ఫొటో తీసి ఎక్కించాలి. ఎక్కువమంది దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, ముగ్గు పోసినప్పుడు "ఇంకో రెండడుగులు జరుపుదాం" అని పెంచడం. 600 దాటిన బేస్‌మెంటుకు బిల్లు ఆగిపోతుంది. రెండోది, దరఖాస్తులోని పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా పేరు కలవకపోవడం. ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక ఉన్నా డబ్బు వెనక్కి పోతుంది.

400 అడుగుల ఇంటికి సుమారు 160 నుంచి 180 బస్తాల సిమెంటు, టన్నున్నర దగ్గర స్టీలు పడతాయి. మేస్త్రీ ఇంతకంటే చాలా ఎక్కువ చెబితే లెక్క అడగండి, చాలా తక్కువ చెబితే భయపడండి. గల్లీలోకి లారీ రాని చోట మోత కూలి వేరుగా రాసుకోవాలి.

75 గజాల లోపు జాగాలో, 7 మీటర్ల ఎత్తు వరకు, అంటే కింద ఒకటి పైన ఒకటి, భవన అనుమతి అక్కర్లేదు. ఒక రూపాయి ఫీజుతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 2020 నాటి టీజీ-బీపాస్ (భవన అనుమతుల) చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. చాలామందికి తెలియక మధ్యవర్తులకు వేలకు వేలు ఇస్తున్నారు. అయితే జాగా సర్కారుది, చెరువుది, నాలాది అయితే ఈ నమోదు ఏ హక్కూ ఇవ్వదు.

లోను మీద వడ్డీ రాయితీ ఎంత వస్తుంది?

2024 సెప్టెంబరు 1న మొదలైన ఆవాస్ యోజన రెండో విడతలో ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి. లోనులో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల వ్యవధికి, 4 శాతం వడ్డీ రాయితీ లెక్కగడతారు. గరిష్ఠంగా 1 లక్ష 80 వేలు, ఐదు వార్షిక వాయిదాల్లో లోను ఖాతాకే జమ అవుతుంది. దేశంలో ఎక్కడా కుటుంబం పేరిట పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో సర్కారు ఇంటి పథకం లబ్ధి పొంది ఉండకూడదు. నాన్న పేరిట ఊళ్లో ఇల్లుందని వెనకాడనక్కర్లేదు. కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు.

35 లక్షల్లో హైదరాబాద్‌లో ఇల్లేది అని అడుగుతారు. పాత ఫ్లాట్లు చూడండి. మల్లాపూర్, మౌలాలి, మల్కాజిగిరి, సైదాబాద్ వైపు లిఫ్టు లేని మూడంతస్తుల అపార్ట్‌మెంట్లలో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. రీసేల్‌కూ పథకం వర్తిస్తుంది.

ప్రీ-లాంచ్ ఆఫర్‌లో సగం ధరకే ఇస్తామంటున్నారు. కొనొచ్చా?

కొనొద్దు. హైదరాబాద్‌లో మధ్యతరగతి డబ్బు ఎక్కువగా మునిగింది ఇక్కడే. మున్సిపల్ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా మొత్తం సొమ్ము ఒకేసారి కట్టించుకుంటారు. బదులుగా భూమిలో అవిభాజ్య వాటా, వాడుకలో "యూడీఎస్", రిజిస్టర్ చేస్తామంటారు. చేతికొచ్చేది ఎకరాల పొలంలో యాభై గజాల వాటా కాగితం. ఏ అంతస్తు, ఏ ఫ్లాటు అన్నది ఉండదు. అనుమతి రాకపోతే వందలమంది వాటాదారులు కలిస్తే తప్ప ఆ నేలను అమ్మనూ లేరు.

500 చదరపు మీటర్లు దాటిన జాగా లేదా 8 కంటే ఎక్కువ యూనిట్లు ఉన్న ప్రాజెక్టుకు రెరా నమోదు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలోనే ఉండాలి. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. తెలంగాణ రెరాకు ఫిర్యాదు ఫారం ఎంలో ఆన్‌లైన్‌లో పెడతారు. చెల్లింపుల రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, బ్రోషర్, వాట్సాప్ సందేశాలు అన్నీ జతచేయండి. నగదుగా ఇచ్చిన డబ్బును నిరూపించడం చాలా కష్టం.

చెరువు పక్క, నాలా పక్క ఇల్లు అని ఎలా తెలుసుకోవాలి?

పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు, నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన చోటు. నగర పరిధిలో మూసీ హద్దు నుంచి 50 మీటర్లు. ఇది 2012 నాటి జీవో 168 లెక్క. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువు పేరుతో మ్యాపు, సర్వే నంబర్లు దొరుకుతాయి. ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా చూసుకోండి. ప్రాథమికమైతే అభ్యంతరం చెప్పుకునే వీలుంటుంది.

రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరుంది, బ్యాంకు లోనిచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం అన్న నాలుగు మాటలూ ఎఫ్‌టీఎల్ లోపలి కట్టడాన్ని కాపాడవు. పట్టా భూమే అయినా, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చుగానీ ఇల్లు కట్టకూడదు. 2024 జులైలో చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఈ విషయం అందరికీ తెలిసింది. నియమం మాత్రం అంతకుముందు నుంచీ ఉన్నదే.

ఎండాకాలంలో జాగా చూసి కొనకండి. వాన పడ్డ మర్నాడు వెళ్లండి. పక్కింటి గోడ మీద నీటి చార చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మా బస్తీని ఖాళీ చేసి అక్కడే కొత్త ఇళ్లు కడతామంటున్నారు. నమ్మొచ్చా?

అక్కడే కట్టడం మంచిది, మేం గట్టిగా కోరేదీ అదే. డబుల్ బెడ్‌రూం పథకానికి మొదటి నమూనా సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీ అలాంటిదే. శిథిలమైన పాత గదులు తీసేసి, అదే నేల మీద కింది అంతస్తు, పైన రెండు అంతస్తులుగా 396 ఇళ్లు కట్టి, 2015 నవంబరులో పాత కుటుంబాలకు ఇచ్చారు. పని, బడి, ఇరుగుపొరుగు ఏదీ చెదరలేదు. 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం, 1980లలో బ్రిటిష్ సాయంతో జరిగిన మురికివాడల అభివృద్ధి కూడా బస్తీని కదపకుండానే నల్లాలు, డ్రైనేజీ, పట్టాలు ఇచ్చాయి. చేయడం ఈ ఊరికి తెలుసు.

తేడా వచ్చేదల్లా జాబితాలో. ఒక డోర్ నంబర్‌లో తండ్రి, పెళ్లయిన ఇద్దరు కొడుకులు, వెనక గదిలో కిరాయిదారు ఉంటారు. సర్వేవాళ్లు తలుపు తట్టిన రోజు ఎవరు కనిపిస్తే వాళ్ల పేరే ఎక్కుతుంది. మిగతా మూడు కుటుంబాలు జాబితాలో ఉండవు. ఒక్క గోడ కూడా పడకముందే ఇవి చేయించుకోండి:

ప్రతి కుటుంబానికీ వేరే వరుస, ఇంటి ముందు నిలబెట్టి తీసిన ఫొటో, ఆధార్, రేషన్ కార్డు, ఓటరు గుర్తింపు, కరెంటు బిల్లు నకళ్లు. కిరాయిదారులను వేరే జాబితాగానైనా రాయించండి. వాళ్లు పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నా జాబితాలో లేకపోతే కాగితం మీద లేనట్టే. జాబితాను బస్తీలో అతికించాలి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. అంతస్తుల సంఖ్య, ఇళ్ల సంఖ్య, పూర్తయ్యే తేదీ, మధ్యకాలంలో నెల కిరాయి ఎవరు, ఎంత ఇస్తారు అన్నవి రాతలో ఉండాలి. నడవలేనివాళ్లకు కింది అంతస్తు, చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్లకు దుకాణం, మేకలూ తోపుడుబండ్లూ ఉన్నవాళ్లకు చోటు ఇప్పుడే అడగాలి. నాయకుడి మాట మీద ఖాళీ చేసిన చోట్ల ఏళ్ల తరబడి పిల్లర్లు మాత్రమే నిలబడి ఉండటం నగరంలో కనబడుతూనే ఉంది.

మూసీ వెంట సంగతి వేరు. 2024లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ వైపు ఇళ్ల మీద ఎర్ర రంగుతో, నదీగర్భంలో ఉన్నాయని తెలిపే ఆర్‌బీ-ఎక్స్ గుర్తులు వేసి, కదలడానికి ఒప్పుకున్న కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. వరద ముప్పు ఉన్న చోట తరలింపు తప్పకపోవచ్చు. అలాంటప్పుడు మలక్‌పేట లాంటి దగ్గరి చోటు అడగడం, ఇంట్లోని ప్రతి కుటుంబానికీ వేరుగా అడగడం మీ హక్కుగా భావించండి. పట్టా ఉంటే పరిహారం విషయంలో లాయర్‌ను కలవకుండా సంతకం చేయొద్దు.

సర్కారు జాగాలో ఇల్లుంది, నోటరీ కాగితమే ఉంది. పట్టా వస్తుందా?

2014 డిసెంబరు 30 నాటి జీవో 58 కింద పేద కుటుంబాలు ఉంటున్న 125 గజాల లోపు జాగాను ఉచితంగా, అంతకు మించితే జీవో 59 కింద డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించారు. దరఖాస్తులు ఎప్పుడూ తెరిచి ఉండవు. గడువు ప్రకటించినప్పుడే తీసుకుంటారు. అందుకే గడువు తేదీకి ముందు నుంచీ మీరక్కడ ఉన్నారని చూపే కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, పాత ఓటరు జాబితా నకలు భద్రంగా ఉంచుకోండి. నోటరీ కాగితం యాజమాన్యాన్ని ఇవ్వదు, ఉంటున్న కాలానికి సాక్ష్యంగా కొంత పనికొస్తుంది. చెరువు, నాలా, శ్మశానం, పార్కు జాగాలకు ఇవి వర్తించవు.

ఓనర్ కిరాయి పెంచుతున్నాడు, ఖాళీ చేయమంటున్నాడు. చట్టం ఏమంటుంది?

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ నగరంలో నెల కిరాయి 3,500 దాటితే వర్తించదు. పాతబస్తీలో, సికింద్రాబాద్ బజారుల్లో తరతరాలుగా తక్కువ కిరాయికి ఉన్నవాళ్లకు మాత్రం అదే కవచం. ఓనర్ కిరాయి తీసుకోనంటే ఊరుకోవద్దు. బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతూ నోటీసు పంపండి, మనియార్డర్ చేయండి, అదీ తిరిగొస్తే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయండి. కావాలని బాకీ పెట్టారన్న కారణంతోనే ఎక్కువమంది కేసు ఓడిపోతారు.

3,500 పైన కిరాయి ఉన్నవారికి రాత ఒప్పందమే దిక్కు. పదకొండు నెలల కాగితంలో మూడు మాటలు రాయించుకోండి: ఏడాదికి ఎంత శాతం పెంపు, ఖాళీకి ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్స్‌లో పెయింటింగ్‌కు ఎంత కోస్తారు.

పాత ఇంటికి "శిథిల భవనం" నోటీసు వచ్చింది. కూల్చాల్సిందేనా?

ప్రతిసారీ కాదు. వానాకాలం ముందు జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 456 కింద ఇలాంటి నోటీసులు ఇస్తారు. లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో పరీక్ష చేయించి, మరమ్మతుతో నిలబడుతుందా లేదా అన్న నివేదికను నోటీసు గడువులోపు సర్కిల్ టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోండి. గోడ బయటికి ఉబ్బినా, దూలం చివర కుళ్లినా, పగులు నెలనెలా వెడల్పు అవుతున్నా ముందు మనుషులు బయటికి రావాలి. నివేదిక సంగతి తర్వాత. పగులు పెరుగుతోందో లేదో తెలియాలంటే దాని మీద అడ్డంగా చిన్న గాజు ముక్కను ప్లాస్టర్‌తో అతికించి తేదీ రాయండి. గాజు పగిలిందంటే గోడ కదులుతోంది.

కిరాయిదారులను తరిమేయడానికే ఓనరు నోటీసు తెప్పించుకున్న సందర్భాలు ఉంటాయి. కిరాయిదారు కూడా స్వతంత్రంగా ఇంజనీర్ నివేదిక పెట్టుకోవచ్చు.

సున్నపు గోడల పాత ఇల్లు. సిమెంటు పూత నిలవడం లేదు, ఎందుకు?

పాత ఇళ్లను ఎక్కువగా పాడుచేస్తున్నది ఈ సిమెంటే. అడుగున్నర, రెండడుగుల మందం గోడ, రాయి లేదా ఇటుక, మధ్యలో డంగు సున్నం. ఆ గోడ కింది నుంచి తేమ పీల్చుకుని పూత గుండా గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు వేస్తే తేమ బయటికి రాలేక ఇంకా పైకెక్కుతుంది. మూడడుగుల దాకా సిమెంటు వేసిన ఇంట్లో నాలుగో అడుగులో తెల్లటి ఉప్పు పొర లేస్తుంది. మేస్త్రీ ఆరడుగుల దాకా వేద్దాం అంటాడు, ఉప్పు ఏడో అడుగుకు చేరుతుంది.

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. కారుతున్న నల్లా పైపు, గోడ మీద పడే వాన గొట్టం, లేదా వీధి. సీసీ రోడ్డు పాతదాన్ని తీయకుండా మీద మీద వేయడంతో గల్లీ ఎత్తు పెరిగి, ఇంటి గడప రోడ్డుకంటే కిందికి పోయిన ఇళ్లు పాతబస్తీలో లెక్కలేనన్ని. మళ్లీ రోడ్డు వేసేటప్పుడు పాత పొర తవ్వి వేయమని వార్డు కార్యాలయంలో బస్తీ అంతా సంతకాలు చేసి ఇవ్వండి.

తర్వాత సిమెంటును చేతి ఉలితోనే తీయండి, మిషను వద్దు. ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి పోతుంది. గోడను కొన్ని వారాలు ఆరనివ్వండి. రాతి సున్నాన్ని నీళ్లలో వేసి, జల్లించి, కనీసం రెండు నుంచి నాలుగు వారాలు నీటి కింద ఊరనివ్వాలి. ఊరని సున్నం పూసినచోట తర్వాత చిన్న చిన్న గుంటలు పేలతాయి. ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుక, లేదా ఇసుకలో ఒక వంతు తగ్గించి సుర్కీ, అంటే బాగా కాల్చిన ఇటుక పొడి కలపండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. ఒక్కో పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లు, మధ్యలో తడి గోనెలు కప్పి వారం పది రోజులు. మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు, పూత ఎండి పొడిపొడిగా రాలుతుంది. పైన సున్నపు వెల్ల మూడు చేతులు. పుట్టీ, ఎమల్షన్ వేస్తే చేసిందంతా వృథా.

ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానుల కప్పు ఉంటే గర్డర్ గోడలోకి దిగే చోట తుప్పు చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని కప్పు మధ్యలో పెట్టకండి, రెండు గోడలు కలిసే మూల మీద ఇనుప స్టాండు వేసి పెట్టండి. గోడలో మొలిచిన రావి మొక్కను పీకితే రాళ్లు ఊడి వస్తాయి. కోసి, వేరును చంపి, తర్వాత సున్నంతో పూడ్చాలి.

ఇల్లు చార్మినార్ దగ్గరుంది. మరమ్మతుకు అనుమతి కావాలా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషిద్ధం. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు కానీ జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టడానికీ అదే అనుమతి. గోల్కొండ కోట చుట్టూ ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మిగతా వారసత్వ భవనాల సంగతి బలహీనంగా ఉంది. వారసత్వ కట్టడాల కోసం 1995లో తెచ్చిన 13వ నిబంధన కింద నగరంలోని భవనాలకు, రాతి గుట్టలకు జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధన ఎత్తేశారు, 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. 2019లో అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అది నిలిచింది జనం కోర్టుకు వెళ్లబట్టే. రోడ్డు విస్తరణలో జాగా పోయేవాళ్లు డబ్బుకు బదులు టీడీఆర్, అంటే బదిలీ చేయగల నిర్మాణ హక్కు, తీసుకోవచ్చు. ఆ హక్కును వేరే చోట కట్టే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు, కానీ కొనేవాడు దొరికితేనే అది డబ్బు.

పాత కాలనీలో ఇంటిని ఫ్లాట్ల వాటాకు బిల్డర్‌కు ఇస్తే ఏం చూసుకోవాలి?

ఇంటిని కూల్చకముందు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టర్ కావాలి. మీ వాటా ఫ్లాట్ల నంబర్లు, వైపు, పార్కింగ్ నంబరు అందులో రాయాలి. మున్సిపాలిటీకి తనఖా పెట్టే 10 శాతం బిల్డర్ వాటా నుంచే అని రాయించండి. మర్చిపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా మీ ఫ్లాటే ఇరుక్కుంటుంది. కట్టినన్నాళ్లూ నెల కిరాయి, ఆలస్యమైతే రెట్టింపు, ప్లాను మీరిన అంతస్తుకు బాధ్యత బిల్డర్‌దే అన్నవి ఉండాలి.

పక్కింట్లో సెల్లార్ తవ్వుతుంటే మీ ఇంటి గోడలన్నిటికీ తేదీతో ఫొటోలు తీసి, నకలు బిల్డర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. సెల్లార్‌కు హద్దు నుంచి కనీసం 1.5 మీటర్లు వదలాలి, జాగా పెద్దదైతే ఇంకా ఎక్కువ. హద్దు గోడ దాకా తవ్వుతుంటే అదే రోజు టౌన్‌ప్లానింగ్‌కు, డయల్ 100కు చెప్పండి. వానకు మట్టి జారాక ఇచ్చే ఫిర్యాదు మీ గోడను తిరిగి నిలబెట్టదు.